రోహులో ఆడ, మగ తేడా: డీహెచ్‌ఏ శాతంలో ఆడ చేప పైన, మిల్లీగ్రాముల్లో మగ చేప పైన. ఏది రాయాలి?

రోహు_నోట్స్, రాజేంద్రనగర్

అందరికీ నమస్కారం. చెరువులో పెంచిన శీలావతి (రోహు)లో ఆడ చేపకీ మగ చేపకీ కండలోని కొవ్వు ఆమ్లాలు ఎంత తేడాగా ఉంటాయో చూస్తున్నాం. కైకలూరు దగ్గర ఒకే చెరువు, మే మూడో వారం పట్టుబడి. కిలో నుంచి కిలోన్నర మధ్య బరువున్నవి తీసుకున్నాం. ఆడవి 12, మగవి 12. మేత డీఓబీ (నూనె తీసిన తవుడు), వేరుశనగ చెక్క, సంచుల్లో కట్టి ఇచ్చినదే. ఐస్‌లో హైదరాబాద్ తెప్పించి, పొట్ట కోసి చూసి ఆడదో మగదో రాసుకున్నాం. చర్మం తీసిన కండ నుంచి ఫోల్చ్ పద్ధతిలో (క్లోరోఫామ్, మిథనాల్‌తో) కొవ్వు తీసి, అందులోని ఆమ్లాలు ఆవిరయ్యేలా మిథైల్ ఎస్టర్లుగా మార్చి జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ)లో నడిపాం.

చిక్కు ఎక్కడంటే, మొత్తం కొవ్వు ఆమ్లాల్లో శాతంగా చూస్తే ఆడ చేపల కండలో డీహెచ్‌ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) స్పష్టంగా ఎక్కువ, ఒలియిక్, లినోలియిక్ తక్కువ. అదే 100 గ్రాముల కండకి మిల్లీగ్రాముల్లో లెక్కిస్తే డీహెచ్‌ఏ మగ చేపల్లోనే కాస్త ఎక్కువ వస్తోంది. మొత్తం కొవ్వు కూడా మగవాటిలోనే ఎక్కువ. ఈ రెంటిలో ఏది నిజమైన తేడా? నవంబర్‌లో మళ్ళీ చేస్తే ఇదే ఫలితం వస్తుందా? ఇంకొకటి, మామూలు జనం కోసం ఒక కరపత్రం రాయాలి. అందులో "ఆడ చేపలో ఒమేగా-3 ఎక్కువ" అని వేయమంటున్నారు. వేయొచ్చా?

జీసీ_గది

రెండూ నిజమే. మీ లెక్క తప్పలేదు. శాతం ఒక ప్రశ్నకి జవాబు, మిల్లీగ్రాములు ఇంకో ప్రశ్నకి జవాబు.

చేప కండలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కణపొరల్లోని ఫాస్ఫోలిపిడ్. ఇది చేప బక్కగా ఉన్నా బలిసినా పెద్దగా మారదు, డీహెచ్‌ఏ ఎక్కువగా ఉండేది ఇందులోనే. రెండోది నిల్వ కొవ్వు, అంటే ట్రైగ్లిజరైడ్. పెరిగినా తరిగినా ఇదే. డీఓబీ, చెక్క తిన్న చేపలో ఈ నిల్వ కొవ్వు నిండా ఒలియిక్, లినోలియిక్, పామిటిక్ ఉంటాయి, డీహెచ్‌ఏ నామమాత్రం.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇవి ఎవరి కొలతలూ కావు, ఉదాహరణకి వేసుకున్నవి. రెండు చేపల కండలోనూ 100 గ్రాములకి 0.6 గ్రాముల ఫాస్ఫోలిపిడ్ ఉంది. అందులో కొవ్వు ఆమ్లాలు 70 శాతం, అంటే 0.42 గ్రాములు. వాటిలో 20 శాతం డీహెచ్‌ఏ అనుకుంటే 84 మి.గ్రా. మొదటి చేపలో నిల్వ కొవ్వు 0.6 గ్రాములు, రెండో దాంట్లో 2.4 గ్రాములు. నిల్వ కొవ్వులో 95 శాతం కొవ్వు ఆమ్లాలు, వాటిలో 1 శాతం డీహెచ్‌ఏ. అప్పుడు మొదటి చేపలో మొత్తం కొవ్వు ఆమ్లాలు 0.99 గ్రాములు, డీహెచ్‌ఏ 90 మి.గ్రా., అంటే దాదాపు 9 శాతం. రెండో దాంట్లో 2.70 గ్రాములు, డీహెచ్‌ఏ 107 మి.గ్రా., అంటే 4 శాతం. శాతంలో మొదటిది రెట్టింపు కంటే పైన ఉంది, మిల్లీగ్రాముల్లో రెండోదే పైన ఉంది. మీ పట్టికలో కనిపిస్తున్నది అచ్చంగా ఇదే. జన (పొట్టలో గుడ్లు) కట్టే కాలంలో ఆడ చేప కండలో నిల్వ కొవ్వు ఖర్చయింది, కణపొర మిగిలింది, శాతం దానంతట అదే పెరిగింది.

అందుకే ముందు ఒక బొమ్మ గీయండి. అడ్డంగా మొత్తం కొవ్వు, నిలువుగా 100 గ్రాముల కండకి డీహెచ్‌ఏ మి.గ్రా.; ఆడవి ఒక రంగు చుక్కలు, మగవి ఇంకో రంగు. 24 చుక్కలూ ఒకే గీత మీద పడితే ఆడ మగ తేడా అంతా కొవ్వు మోతాదు ద్వారానే వచ్చినట్టు. ఒకే కొవ్వు దగ్గర రెండు గీతలు విడిపోతే అప్పుడు కూర్పులోనే తేడా ఉన్నట్టు. కొవ్వుని సర్దుబాటు చేసిన లెక్క ఒక్కటే ఇచ్చి "తేడా లేదు" అని మాత్రం తేల్చకండి. కొవ్వు తగ్గింది కూడా ఆ చేప ఆడదై జన కట్టినందువల్లే కదా. సర్దిన లెక్క, సర్దని లెక్క, రెండూ ఇవ్వాలి.

ఇంకో సంగతి. శాతాలన్నీ కలిపితే 100 కావాలి కాబట్టి ఒకటి తగ్గితే మిగతావి పెరిగినట్టు కనిపిస్తాయి. ఒక్కో ఆమ్లానికీ విడివిడిగా టీ-టెస్ట్ చేస్తే ఒకే మార్పు పది చోట్ల "ముఖ్యమైన తేడా"గా తేలుతుంది. ఒక ఆమ్లాన్ని ఇంకోదానితో భాగించి లాగ్ తీసి, ఆ లాగ్ నిష్పత్తుల మీద పరీక్షించండి.

ఇప్పుడు మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కండ ఏ భాగం నుంచి తీశారు? మిథైల్ ఎస్టర్లు దేనితో చేశారు? అంతర్గత ప్రమాణంగా, అంటే మిగతావాటిని పోల్చి లెక్కించడానికి తెలిసిన మోతాదులో కలిపే ఆమ్లంగా, ఏది వేశారు? కోసేదాకా ఎన్ని రోజులు ఐస్‌లో ఉంది, తర్వాత ఎంత చలిలో పెట్టారు?

గట్టుమీద_కైకలూరు

జీసీ_గది గారు చెప్పిన లెక్క సరే. ఆ కొవ్వు ఎటు పోయిందన్నది నేను చెబుతాను.

మే నెల శీలావతిలో జన నిండే కాలం. ఫిబ్రవరి, మార్చి నుంచే అండాశయం పెరగడం మొదలవుతుంది. ఈస్ట్రడయోల్ అనే ఆడ హార్మోన్ కాలేయాన్ని పురమాయిస్తే అది వైటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. గుడ్డులోకి చేరే సొనకి మూలం అదే. దాంట్లో ఉండే కొవ్వు ఎక్కువగా ఫాస్ఫోలిపిడ్. దానికి కావాల్సిన సరుకు మేత నుంచి కొంత, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి కొంత, కండ నుంచి కొంత వస్తుంది. ఈ పనికి శక్తి కోసం చేప ముందు కాల్చేది సంతృప్త, ఏక అసంతృప్త కొవ్వుల్ని. డీహెచ్‌ఏని కాల్చడం కష్టం కాబట్టి అది మిగులుతుంది, మిగిలింది గుడ్లలోకి వెళుతుంది. పిల్ల కంటికీ మెదడుకీ అది కావాలి మరి.

మగ చేపకి అంత బరువు లేదు. శీలావతిలో పక్వానికొచ్చిన ఆడ చేప జన శరీర బరువులో 15 నుంచి 20 శాతం దాకా పోవచ్చు. మగదాని వృషణాలు రెండు మూడు శాతం దాటడం అరుదు. కిలోన్నర ఆడ చేపలో 15 శాతమంటే 225 గ్రాముల జన. అది కడుపులో ఉన్న బరువు. మీరు "ఒకే బరువున్న ఆడ, మగ" అని తీసుకున్నప్పుడు ఆడదాని కండ నిజానికి అంత తక్కువ. పేగులు, జన తీసేశాక తూచి ఆ బరువుతో పోల్చండి.

జననాంగ సూచీ, అంటే జన బరువుని శరీర బరువుతో భాగించి 100తో గుణించినది, ఒక్కో చేపకీ రాసుకున్నారా? లేకపోతే ఈ పనిలో సగం పోయినట్టే. "ఆడ" అన్న ఒక్క మాటలో నాలుగు రకాల చేపలు ఉంటాయి. పొట్ట కోయగానే అండాశయం పలచటి గులాబీ నాడాలా ఉండి గింజ కనపడకపోతే అది ఇంకా జన పట్టనిది. గింజలు ఆనుతూ పొట్టలో సగం నిండితే మధ్య దశ. రెండు వైపులా పేగుల్ని పక్కకి తోసేసి, వేలితో తాకితే గింజలు విడివిడిగా రాలేది పక్వం. చీలికలా ముడుచుకుపోయి ఎర్రగా, మెత్తగా ఉంటే అది గుడ్లు వదిలేసినదో, లోపలే కరిగించుకుంటున్నదో. ఈ నాలుగింటినీ కలిపి ఒక సగటు తీస్తే ఆ సగటు ఏ చేపదీ కాదు.

బరువు చూసి వయసు అనుకోవద్దు. మా వైపు చెరువుల్లో ఏడాది పాటు చిక్కగా ఉంచి ఎదగనివ్వకుండా ఆపిన పిల్లని వేస్తారు. కిలో చేప అంటే రెండేళ్ళది అయి ఉండొచ్చు. అందుకే కిలో, కిలోంబావు శీలావతిలో కూడా మేలో జన దొరుకుతుంది.

నవంబర్ సంగతి. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు. పారే నీరైనా ఉండాలి, హేచరీలో ఇంజక్షనైనా ఇవ్వాలి. వానాకాలం దాటాక జన లోపలే కరిగిపోతుంది, కండలోకి కొవ్వు తిరిగి చేరుతుంది. నవంబర్, డిసెంబర్‌లో ఆడ మగ తేడా చాలా తగ్గుతుందనే అనుకోండి. మే, సెప్టెంబర్, డిసెంబర్ మూడుసార్లూ అదే చెరువు నుంచి తీయగలిగితే ఈ పనికి అర్థం ఉంటుంది. డిసెంబర్‌లో బయటినుంచి చూసి ఆడ మగ చెప్పలేరు, కోసి చూడాల్సిందే. మేలో అయితే మగదాని మొప్పల వెనకున్న జత రెక్కల పైభాగం వేలితో నిమిరితే గరుకు కాగితంలా తగులుతుంది, ఆడదానిది నున్నగా ఉంటుంది. పొట్ట కింద నెమ్మదిగా నొక్కితే మగది పాలు వదులుతుంది.

సంచి మేత గురించి ఒక మాట. వెదురు గడలకి కట్టిన సంచి కన్నాల దగ్గరికి బలమైన చేపే ముందు చేరుతుంది. ఒకే చెరువులో చేపకీ చేపకీ కొవ్వు తేడా ఇక్కడే మొదలవుతుంది. ఆడ మగ తేడా చిన్నదైతే అది ఈ గోలలో కనిపించదు. 12కి 12 తక్కువ, ఒక్కో వైపు 20 అయినా చూడండి. పైగా చెరువు ఒక్కటే కాబట్టి ఫలితం ఆ చెరువుకే వర్తిస్తుంది. మూడు నాలుగు చెరువుల నుంచి తలా కొన్ని తీస్తే మేలు.

పులుసుముక్క, తార్నాక

కరపత్రం సంగతి నేను చెబుతాను. దయచేసి ఆ వాక్యం వేయకండి.

తినేవాళ్ళకి శాతంతో పని లేదు, ముక్కలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందన్నదే లెక్క. పెద్దవాళ్ళకి రోజుకి ఈపీఏ (ఇంకో ఒమేగా-3 ఆమ్లం), డీహెచ్‌ఏ కలిపి 250 మి.గ్రా. చాలని ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల సంప్రదింపు చెప్పింది. గర్భిణులకి 300, అందులో డీహెచ్‌ఏ కనీసం 200. పైన లెక్కలో చూపిన 90, 107 పక్కన పెట్టి చూడండి. ఆ తేడా కోసం రాంనగర్ మార్కెట్‌లో ఎవరూ ఆడ చేపని వెతకక్కర్లేదు. ఒమేగా-3 కోసమే తినేవాళ్ళకి కవళ్లు, కానగుర్తలు చెప్పండి. మంచినీటి చేపలోనైతే ఆడ మగ కంటే మేత, కాలం, ఏ ముక్క అన్నవే పెద్ద తేడాలు. వీపు ముక్కకీ పొట్ట ముక్కకీ మధ్య కొవ్వు తేడా చాలాసార్లు ఆడ మగ తేడాని మించుతుంది. ఇక పొద్దుతిరుగుడు నూనెలో వేపుడు చేస్తే చేప పీల్చే నూనెలోని లినోలియిక్ ముందు ఇవేవీ నిలవవు. పులుసు పెడితే కొవ్వు కొంత పులుసులోకి దిగుతుంది, అదీ తింటాం కాబట్టి పోయేదేమీ లేదు.

కరపత్రంలో పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది: ఆడ చేప లాభం కండలో లేదు, జనలో ఉంది. కండ నుంచి వెళ్ళిన డీహెచ్‌ఏ చేరింది అక్కడికే. మృగశిర కార్తె ముందూ వెనకా మార్కెట్‌కొచ్చే శీలావతిలో జన బాగా ఉంటుంది. కోసేవాళ్ళు పేగులతో పాటు తీసి పక్కన పడేస్తుంటారు, ముందే చెప్పి తీయించుకోవాలి. రెండు జాగ్రత్తలు కూడా రాయండి. జనలో కొలెస్ట్రాల్ ఎక్కువ, అది అదుపులో పెట్టుకోవాల్సినవాళ్ళు కొద్దిగానే తినాలి. రెండోది, కాలేయం పక్కనుండే ఆకుపచ్చ పిత్తాశయాన్ని మందు అనుకుని మింగడం కొన్నిచోట్ల ఉంది. శీలావతి జాతి చేపల పిత్తంతో మూత్రపిండాలు దెబ్బతింటాయి. అది జనలో కలవకుండా, పగలకుండా తీసి పారేయాలి.

శీలావతి, బొచ్చెల సాధారణ అంకెలు కావాలంటే మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార కూర్పు పట్టికలు చూడండి. కరపత్రానికి అవి చాలు.

రోహు_నోట్స్, రాజేంద్రనగర్

చాలా థాంక్సండీ. జీసీ_గది గారు అడిగినవి: ఒక పక్క కండ మొత్తం, పొట్ట భాగంతో సహా, మిక్సీ పట్టి అందులో 2 గ్రాములు తీసుకున్నాం. ఐస్‌లో రెండు రోజులు, తర్వాత మైనస్ 20లో ఆరు వారాలు. మిథైల్ ఎస్టర్లు సోడియం మిథాక్సైడ్‌తో. అంతర్గత ప్రమాణం 17:0 (17 కార్బన్లు, జంట బంధాలు లేని ఆమ్లం). జన బరువులు రాసుకున్నాం, సూచీ ఇవాళే లెక్కిస్తాను. ఆడవాటిలో మూడింటికి గింజే కనపడలేదు, అవి జన పట్టనివే అనుకుంటా.

మిగిలిన కండ ఇంకా ఉంది. మళ్ళీ చేయొచ్చా? ఇంకో చేపలో చూడాలంటే ఏది మంచిది? ఫంగస్ (పంగాసియస్ చేప) తేలిగ్గా దొరుకుతుంది.

జీసీ_గది

సోడియం మిథాక్సైడ్ దగ్గరే పెద్ద దెబ్బ. క్షారం గ్లిజరాల్‌కి అంటుకున్న ఆమ్లాల్నే ఎస్టర్ చేస్తుంది, విడిపోయిన ఆమ్లాల్ని చేయదు. ఐస్‌లో రెండు రోజులు, మైనస్ 20లో ఆరు వారాలు అంటే కండలోని లైపేజ్‌లు, ఫాస్ఫోలైపేజ్‌లు ఆగకుండా పని చేస్తూనే ఉన్నాయి. అవి ఎక్కువగా విడగొట్టేది ఫాస్ఫోలిపిడ్‌ని, అంటే మీ డీహెచ్‌ఏని. అలా విడిపోయిన డీహెచ్‌ఏ జీసీలో కనపడకుండా పోతుంది. కొవ్వు తక్కువగా ఉన్న ఆడ చేపలో ఫాస్ఫోలిపిడ్ వాటా ఎక్కువ కాబట్టి నష్టమూ అక్కడే ఎక్కువ. మిల్లీగ్రాముల్లో ఆడ చేప వెనకబడడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

మిగిలిన కండతో మళ్ళీ చేయండి, ఈసారి ఆమ్లంతో. మిథనాల్‌లో 14 శాతం బోరాన్ ట్రైఫ్లోరైడ్ కానీ, మిథనాల్‌లో 2 శాతం గంధకామ్లం కానీ. 17:0 వద్దు, చేప కొవ్వులో అది సహజంగానే కొంత ఉంటుంది. అది కలిసిపోతే మీ ప్రమాణం పెద్దదిగా కనిపించి మిగతా అన్నీ తగ్గిపోతాయి. 19:0 కానీ 23:0 కానీ వాడండి. మొదట్లోనే, కొవ్వు తీయకముందే వేయాలి. 2 గ్రాముల కండలో కొవ్వు ఆమ్లాలు 20 మి.గ్రా. చుట్టూ ఉంటాయి కాబట్టి 1 మి.గ్రా. చాలు. దాన్ని సరిగ్గా తూచిన ద్రావణంగా పిపెట్‌తో వేయండి, నేరుగా తూచి వేయకండి.

2 గ్రాములకి 2:1 క్లోరోఫామ్, మిథనాల్ 40 మి.లీ., అందులో 0.01 శాతం బీహెచ్‌టీ (కొవ్వు పాడవకుండా ఆపేది). వడగట్టాక 0.73 శాతం ఉప్పు నీళ్ళు 8 మి.లీ. పోసి నెమ్మదిగా తిప్పండి. గట్టిగా కుదిపితే మధ్యలో తెల్లటి నురగ పొర కట్టి గంటలు గడిచినా విడదు. ఆ నురగలో ఇరుక్కునేది ఫాస్ఫోలిపిడ్డే, కాబట్టి దాన్ని వదిలేసి కింది పొర మాత్రమే తీస్తే మళ్ళీ డీహెచ్‌ఏ పోగొట్టుకున్నట్టే. విడకపోతే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. ఆవిరి చేసేది నత్రజని కింద, 40 డిగ్రీలు దాటకుండా.

పొట్ట భాగం కలిపి మిక్సీ పట్టడం ఇప్పుడిక దిద్దలేం. కొత్త నమూనాలకి వీపు రెక్క కింద, పక్క గీతకి పైన ఉన్న తెల్ల కండ ఒక్కటే తీయండి. చర్మం కింద పక్క గీత వెంబడి ఎర్ర కండ పట్టీ ఉంటుంది, దాన్ని చెక్కేయాలి. వీలైతే సగం కొవ్వుని సిలికా కార్ట్రిడ్జ్ మీద వేసి క్లోరోఫామ్‌తో నిల్వ కొవ్వు, మిథనాల్‌తో ఫాస్ఫోలిపిడ్ విడదీసి రెండూ వేరువేరుగా నడపండి. ఫాస్ఫోలిపిడ్‌లోనే ఆడ మగ తేడా కనిపిస్తే అది అసలు సిసలు కూర్పు తేడా. అక్కడ లేకుండా మొత్తంలోనే ఉంటే నిల్వ కొవ్వు ఆడిన ఆట.

జీసీ గీతలో శిఖరాలు (పీక్‌లు) ఏ ఆమ్లానివో గుర్తించేటప్పుడు ఒకటి చూసుకోండి. పోల్చుకోవడానికి నడిపే 37 ఎస్టర్ల ప్రమాణ మిశ్రమంలో 22:5 ఒమేగా-3 లేదు. దాని చోట వచ్చిన శిఖరాన్ని పక్కదానికి అంటగట్టేస్తుంటారు. మెన్‌హేడెన్ అనే చేప నూనె ప్రమాణం ఒకటి పక్కన నడిపితే అది తేలిపోతుంది. 24:1 కూడా మీ కాలమ్ మీద డీహెచ్‌ఏకి ఎంత దగ్గరగా వస్తోందో చూడండి.

గట్టుమీద_కైకలూరు

ఫంగస్ వద్దు. మార్కెట్‌కొచ్చే కిలో ఫంగస్ ఏడాది లోపుది. ఆడది పక్వానికి రావడానికి మూడేళ్ళు పడుతుంది, మగదానికి రెండు. రెండింటిలోనూ జననాంగాలు దారాల్లా ఉంటాయి. అందులో తేడా వెతకడమంటే పిల్లల్లో వెతకడమే. రూప్‌చంద్ కూడా అంతే.

బంగారుతీగ తీసుకోండి. మన వేడికి ఏడాది లోపే పక్వానికి వస్తుంది, చెరువులోనే గుడ్లు పెడుతుంది, జన కూడా బాగా పడుతుంది. తిలాపియా అయితే ఇంకో రకం తేడా చూడొచ్చు. ఆడది గుడ్లని, పిల్లల్ని నోట్లో పెట్టుకుని పది పన్నెండు రోజులు దాదాపు మేత ముట్టదు, మళ్ళీ కొద్ది వారాలకే గుడ్లు పెడుతుంది. అందుకే మగది వేగంగా పెరుగుతుంది. కానీ చెరువుల్లో వేసేది ఎక్కువగా అన్నీ మగవిగా మార్చిన పిల్ల, ఆ చెరువులో మీకు ఆడది దొరకదు. దొరికినా, హార్మోన్ మేత తిన్న మగదానితో పోల్చినట్టవుతుంది. మార్చని పిల్ల వేసిన చెరువు అడిగి తెచ్చుకోండి. చిన్న తిలాపియాలో ఆడ మగ తెలియకపోతే వెనక ద్వారం దగ్గర మెథిలీన్ బ్లూ చుక్క రాయండి. మగదానికి రెండు రంధ్రాలు, ఆడదానికి మూడు. మధ్యలో అడ్డంగా ఉన్న సన్నటి గీతలో నీలం నిలబడుతుంది.

గింజ కనపడని ఆ మూడు ఆడ చేపల్నీ తీసేయకండి. పై బొమ్మలో వాటి చుక్కలు ఎక్కడ పడ్డాయో ముందు చూడండి. అవి మగవాటి గుంపులో కలిసిపోతే తేడా తెచ్చింది జనే, ఆడ అన్న పేరు కాదు.